వెలుగుతో మేల్కొనే మందు – మన బాధ్యత



ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. క్యాన్సరు వైద్యంలో చాలకాలం జరిగినది ఇంచుమించు ఇదే. రోగకణాన్ని చంపడానికి ఇచ్చిన మందు ఆరోగ్యవంతమైన కణాన్ని కూడ గాయపరచక మానలేదు. జుట్టు రాలిపోవడం, వాంతులు, మూత్రపిండాలు చెడిపోవడం ఆ నిప్పు సెగలే. ఇంటికి నిప్పు పెట్టకుండ ఎలుకను మాత్రమే పట్టడం ఎట్లా అనునదే నేటి శాస్త్రజ్ఞుల అన్వేషణ.

కుందూ పరీవాహకంలోని మా దొర్నిపాడు వరిమళ్లను చూచిన వారికి ఈ సమస్య సులభంగా బోధపడుతుంది. వరిలో ఊద మొలుస్తుంది. చిన్న పైరుగా ఉన్నపుడు ఊద ఏదో, వరి ఏదో క్రొత్తవానికి తెలియదు. రెండూ ఒకే మడిలో, ఒకే నీటితో పెరుగుతాయి. క్యాన్సరు కణం కూడ బయటినుండి వచ్చిన శత్రువు కాదు. మన శరీరంలోని కణమే అదుపు తప్పి పెరిగినది. కావుననే దానిని వేరుచేసి చంపడం ఇంత కష్టమైనది. అనుభవం గల కూలిమనిషి వంగి, చూచి, ఊదను మాత్రమే పీకివేస్తుంది. అటువంటి చూపు గల మందు కావాలి.

శరీరంలో ఎక్కడికి వెళ్లినా నిద్రపోతూ, మనం కోరినచోట వెలుగు సోకినపుడు మాత్రమే మేల్కొని పనిచేసే మందు అట్టి చూపునకు దగ్గరగా వచ్చినది. లోహాలతో నిర్మించిన కొన్ని సమ్మేళనాలకు ఈ గుణం కలదు. వాటిని గురించి నాలుగు మాటలు చెప్పి, ఆపైన మన కళాశాల చేయదగిన పనిని గురించి నా అభిప్రాయం విన్నవిస్తాను.

వెలుగు, ఔషధం కలిసి పనిచేయడం మన ప్రాంతానికి తెలియని సంగతి కాదు. బొల్లి మచ్చలకు బావంచాల గింజలను వాడి రోగిని ఎండలో కూర్చుండబెట్టడం ఆయుర్వేదమూ యునానీ వైద్యమూ రెండూ ఎరిగిన పద్ధతి. 13వ శతాబ్దపు ప్రసిద్ధ వైద్య గ్రంథకర్త ఇబ్న్ అల్ బైతార్ ఆత్రిలాల్ అనే మొక్క గింజలకు ఇటువంటి ఉపయోగమునే వర్ణించినాడు. ఈ గింజలలో సొరాలెన్ జాతి పదార్థాలున్నవని, అవి సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వలన చురుకెక్కుతాయని తరువాతి రసాయనశాస్త్రం తెలిపినది. మందు ఒక్కటే చాలదు, ఎండ ఒక్కటే చాలదు, రెండూ కలియవలెనని ఆనాటి హకీములు, వైద్యులు అనుభవంతో కనుగొన్నారు.

1900లో మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఒక చిత్రమైన సంగతిని ప్రకటించినాడు. ఆక్రిడిన్ అనే రంగు కలిపిన నీటిలో పారమీషియం జీవులు చీకటిలో బాగుగానే ఉన్నవి, వెలుతురు తగిలినపుడు చనిపోయినవి. అతని గురువు టాపైనర్ 1903 నాటికే ఇయోసిన్ అనే రంగును, కాంతిని కలిపి చర్మ క్యాన్సరుపై ప్రయోగించినాడు. ఈ మార్గానికి పునాది వేసినవాడు ఒక విద్యార్థి అనే విషయాన్ని మన విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

కాంతి సోకినపుడు జరిగేదేమి? మందులోని అణువు కాంతిశక్తిని మింగి ఉత్తేజిత స్థితికి పోతుంది. ఆ శక్తిని ప్రక్కనున్న ఆక్సిజనుకు అందిస్తుంది. సాధారణ ఆక్సిజను సింగ్లెట్ ఆక్సిజనుగా మారుతుంది. ఇది మహా చురుకైనది, కాని దాని ఆయువు మిక్కిలి స్వల్పం. పుట్టిన చోటునుండి ఒక కణం వెడల్పునంతయు దాటకముందే అది అంతరించిపోతుంది. కావున వెలుగు పడినచోటనే నాశనం జరుగుతుంది, ప్రక్కనున్న కణజాలం చాలవరకు తప్పించుకొంటుంది. కాల్వ నిండా నీరున్నా, తూము తెరచిన మడికే నీరు పారినట్లు.

ఇందులో లోహం పాత్ర ఏమిటి? పచ్చని ఆకును తీసుకొనండి. పత్రహరితంలో వలయాకారపు అణువు నడుమ మెగ్నీషియం కూర్చుని ఉంటుంది. మన రక్తంలోని హీమ్ కూడ అట్టి వలయమే, నడుమ ఇనుము ఉంటుంది. ఇనుము చేరినందువలన ఆ వలయం మింగిన కాంతిశక్తి హాని చేయకముందే చల్లారిపోతుంది. ఇనుము చేరని పోర్ఫిరిన్లు శరీరంలో పేరుకొనే కొన్ని వ్యాధులలో రోగి ఎండను భరించలేడు. ఒకే వలయం, నడుమనున్న లోహాన్ని బట్టి గుణం మారిపోతుంది! రక్తం నుండి ఇనుమును తొలగించి తయారుచేసిన పోర్ఫిరిన్ల నుండే ఫోటోఫ్రిన్ అనే మందు పుట్టినది. 1993లో కెనడాలో మూత్రాశయ క్యాన్సరుకు దానికి మొదట అనుమతి లభించినది.

పెల్లేడియం వంటి బరువైన లోహాన్ని నడుమ ఉంచితే అణువు ఉత్తేజిత స్థితిలో తగినంతసేపు నిలిచి, ఆక్సిజనును మరింత సమర్థంగా చురుకెక్కిస్తుంది. ఇస్రాయేలులోని వైజ్మన్ సంస్థకు చెందిన అవిగ్దోర్ షెర్జ్, యోరామ్ సాలమన్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని సూక్ష్మజీవులలోని పత్రహరితం నుండి మెగ్నీషియాన్ని తీసి, ఆ స్థానంలో పెల్లేడియాన్ని ఉంచే మార్గాన్ని అనుసరించి ఒక మందును రూపొందించినారు. పాడెలిపోర్ఫిన్ అనే ఈ మందుకు తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సరు కొరకు 2017లో ఐరోపాలో అనుమతి వచ్చినది. 2020లో అమెరికా నిపుణుల సంఘం మాత్రం దీనిని సమర్థించలేదు. శాస్త్రంలో ఒకచోట లభించిన ఆమోదం వేరొకచోట ప్రశ్నకు గురికావడం సహజం, ఆరోగ్యకరం కూడ. రుథీనియం లోహంతో చేసిన టీఎల్‌డీ 1433 అనే సమ్మేళనం మూత్రాశయ క్యాన్సరు రోగులపై కెనడాలో 2017 నుండి పరీక్షలకు వచ్చినది.

లోహాలు క్యాన్సరు వైద్యంలో ప్రవేశించడం కూడ ఒక ఆకస్మిక ఘటనయే. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ విద్యుత్ క్షేత్రం సూక్ష్మజీవులపై చూపే ప్రభావాన్ని పరిశీలిస్తూ, అవి విభజన మాని పొడవుగా పెరగడం గమనించినాడు. కారణం విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడుల నుండి కరిగిన ప్లాటినం. దాని ఫలితమే 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్. ఎందరినో బ్రతికించినది. కాని అది అన్ని కణాలపైనా దయలేనిది, వినికిడికి, మూత్రపిండాలకు హాని చేస్తుంది. అదే ప్లాటినాన్ని నిద్రావస్థలో పంపి, కాంతితో మేల్కొలిపే మార్గాన్ని ఇంగ్లాండులో పీటర్ సాడ్లర్ పరిశోధక బృందం అనుసరించినది. మన ఆళ్లగడ్డ నుండి ఒక రాత్రి ప్రయాణ దూరంలో ఉన్న బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అఖిల్ చక్రవర్తి ఆచార్యులు, వారి విద్యార్థులు రాగి, ఇనుము, వెనేడియం వంటి లోహాల సమ్మేళనాలపై అనేక సంవత్సరాలు కృషి చేసినారు. కంటికి కనిపించే కాంతితోనే క్యాన్సరు కణాలను దెబ్బతీసే మార్గాలను చూపినారు. రాగి, ఇనుము! మన వంటింటి పాత్రలలోని లోహాలు.

ఇక మా ఊరి కంటితో ఈ వైద్యాన్ని పరీక్షించి చూతాము. ఫోటోఫ్రిన్ పుచ్చుకొన్న రోగి కనీసం 30 దినములు ఎండ తగలకుండ ఉండవలెను. మందు చర్మంలో నిలిచిపోవుటే ఇందుకు కారణం. చలిదేశపు రోగికి ఇది కేవలం అసౌకర్యం. శనగ కోతకు, మిరప కోతకు పోయి దినకూలితో బ్రతికే దొర్నిపాడు స్త్రీకి నెల దినములు ఎండ తగలరాదనగా నెల దినములు పొయ్యి వెలగరాదని అర్థం. అందుచేత శరీరం నుండి త్వరగా వెళ్లిపోయే మందును కనిపెట్టడం మనవంటి వారికి విలాసం కాదు, అవసరం. పాడెలిపోర్ఫిన్ కొన్ని గంటలలోనే శరీరాన్ని విడిచిపోతుంది, కాంతి జాగ్రత్త రెండు దినములు చాలును. ఒక వలయంలో లోహాన్ని మార్చిన రసాయనశాస్త్రం కూలిమనిషి దినభత్యాన్ని కాపాడగలదని ఇందువలన తెలియుచున్నది.

ఈ వైద్యానికి హద్దులు కూడ కలవు. ఎర్రని కాంతి సైతం మన మాంసంలో కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే ఒక సెంటీమీటరు లోతునకు మాత్రమే చొరగలదు. లోపలి అవయవాలకు సన్నని తంతువుల ద్వారా కాంతిని పంపవలసి ఉంటుంది. గడ్డ పెద్దదైనకొద్దీ దాని గర్భంలో ఆక్సిజను తగ్గిపోతుంది, ఆక్సిజను లేనిచోట ఈ పద్ధతి బలహీనపడుతుంది. లోతు సమస్యకు సమాధానంగా శాస్త్రజ్ఞులు అతిధ్వనులను ఆశ్రయించినారు. గర్భస్థ శిశువును చూడడానికి స్కానింగులో వాడే ధ్వనులే ఇవి. వెలుగు పోలేని లోతులకు ఇవి పోగలవు. 1989లో జపానులో యుమిటా, ఉమెమురా ప్రభృతులు హెమటోపోర్ఫిరిన్ సమక్షంలో అతిధ్వని క్యాన్సరు కణాలను మరింతగా చంపుతున్నదని చూపినారు. ఇటీవల రుథీనియం, ఇరిడియం వంటి లోహాల సమ్మేళనాలను కూడ ఈ విధంగా ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు. ద్రవంలో బుడగలు పుట్టి పగలడం వలననా, ఆ పగులుటలో వెలువడే మెరుపు వలననా, ఏ కారణమున ఇది జరుగుచున్నదనే చర్చ ఇంకను సాగుచున్నది. శస్త్రచికిత్సకు, రేడియేషనుకు, సాధారణ ఔషధాలకు బదులుగా నేడు ఎవరైనను దీనిని నమ్ముకొనరాదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. లోహం, కాంతి అనే రెండు మాటలను పట్టుకొని మోసగించేవారు లేకపోలేదు. భస్మాలు, కుష్తాలు తయారుచేసే ప్రాచీన విద్యను నేను కించపరచడం లేదు. కాని పాదరసం, సీసం కలిసిన పరీక్షకు నిలువని పొడులు మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఏ లోహం, ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఎంతమందిపై పరీక్షింపబడినది అనే ప్రశ్నలకు సమాధానం చెప్పలేని మందు మందు కాదు.

ఈ మాటలు నేను పుస్తకం చూచి మాత్రమే వ్రాయడం లేదు. మా వీధిలో మేమందరం అవ్వా అని పిలిచే ఒక వృద్ధురాలుండేది. పొగాకు నమిలే అలవాటు. ఆమె బుగ్గ లోపల తెల్లని మచ్చ ఏర్పడినది. నేను సెలవులకు ఇంటికి పోయినపుడు అన్నం తింటూ కారం తగిలితే మంటగా ఉన్నదని చెప్పినది. ఆసుపత్రికి పోదామన్నాను. "నొప్పే లేదు గదా నాయనా, కూలి పోగొట్టుకొని ఆస్పత్రికి యాల పోవల్ల?" అన్నది. నేను మరి మాట్లాడలేదు. తరువాత ఎవరో ఊరూరా తిరిగేవాడు లోహభస్మం అని చెప్పి ఒక పొడి ఇచ్చినాడట. ఏడు నెలలు అదే వాడినది. మచ్చ పుండైనది, పుండు రాచపుండైనది. పట్నం తీసుకొని పోయేనాటికి మెడలోని గడ్డలు కంటికి కనిపించుచున్నవి. ఆమె ఆ ఏడాది దాటలేదు.

ఆ సంవత్సరమే నేను పరీక్షలో సమన్వయ సమ్మేళనాలను గురించి ఐదు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నాను. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం సమన్వయ సంఖ్య నాలుగని నాకు తెలుసు. అవ్వ నోటిలోని తెల్లమచ్చ అర్థమేమిటో నాకు తెలియదు. నా చదువు మీద నాకే సిగ్గు కలిగినది ఆనాడే.

మిత్రులారా, కాంతి వైద్యం చేరగల చోట్లు ఏవి? చర్మం, నోరు, గొంతు, అన్నవాహిక, మూత్రాశయం వంటి, కాంతి తాకగల పొరలు. లోహం లేని తెమోపోర్ఫిన్ అనే మరొక కాంతి ఔషధానికి 2001లో ఐరోపాలో తల, మెడ భాగాల క్యాన్సరుకే అనుమతి లభించినది. మన తెలుగునాట ప్రబలంగా ఉన్న రాచపుండు నోటిదే. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాలలో చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగే స్త్రీలకు అంగిలిలో క్యాన్సరు రావడం 1970ల నాటికే ప్రపంచ వైద్య పత్రికలకెక్కినది. మన సీమలో నమలుపొగాకు, గుట్కా, వక్కపొడి ఆ పనినే మరొక రీతిగా చేయుచున్నవి. అనగా కాంతి చేరగల చోటనే మన జబ్బు ఉన్నది. కాంతి చేరగల చోటికి కన్ను కూడ చేరగలదు. ఖరీదైన లేసరు కంటె ముందు మనకు కావలసినది ఒక చిన్న టార్చిలైటు.

ఇది నా ఊహ కాదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో ఒక గొప్ప పరీక్ష ఆరంభమైనది. వైద్యం చదువని పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి, 35 ఏండ్లు దాటిన వారి నోళ్లను వెలుతురులో పరీక్షింపజేసినారు. అనుమానం ఉన్నవారిని వైద్యుల వద్దకు పంపినారు. 2005లో ప్రకటించిన ఫలితాలను బట్టి, పొగాకు గాని మద్యం గాని అలవాటున్న వారిలో నోటి క్యాన్సరు మరణాలు 34 శాతం తగ్గినవి. వైద్యం చదువని పట్టభద్రులు! మన కళాశాల తయారుచేయుచున్నది వారినే గదా?

కావున పాలకవర్గ పెద్దలకు నా మనవులు నాలుగు.

మొదటిది, ప్రతి సంవత్సరం ఒక దినమును నోటి పరీక్షా దినంగా పాటించవలెను. దంతవైద్యుల చేత మన సేవా పథకం విద్యార్థులకు శిక్షణ ఇప్పించి, దొర్నిపాడు మొదలుకొని చుట్టుప్రక్కల గ్రామాలకు పంపవలెను. మూడు వారాలైనా మానని పుండు, రుద్దినా పోని తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వేళ్లు పట్టనంతగా బిగిసిన నోరు – ఈ మూడింటిని గుర్తించడం ఏ విద్యార్థికైనను ఒక పూటలో వచ్చును. రోగం పేరు చెప్పడం వారి పని కాదు, రోగిని వైద్యుని వద్దకు చేర్చడమే వారి పని.

రెండవది, విద్యాసంస్థకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెప్పుచున్నది. మన ద్వారం ఎదుటనే అది అమలు కావలెను. ద్వారం బయట గుట్కా వ్రేలాడుచుండగా లోపల క్యాన్సరు పాఠం చెప్పడం పరిహాసమగును.

మూడవది, ఈ సంగతులను ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను ఒకే కాగితంపై అచ్చువేసి ఇంటింటికీ పంచవలెను. మన విద్యార్థినులు అందరికంటె ముందు ఈ పనికి అర్హులు. తల్లులు, అవ్వలు నోరు తెరచి చూపేది వారికే.

నాల్గవది, రసాయన ప్రయోగశాలను సాయంకాలాలు కూడ తెరచి ఉంచవలెను. పొటాషియం ఫెర్రీ ఆక్సలేటు పచ్చని స్ఫటికాలను మనమే తయారుచేయగలము. ఆ ద్రావణం పూసిన కాగితంపై ఒక ఆకునుంచి ఎండలో పెట్టి, ఆపైన పొటాషియం ఫెర్రీ సయనైడు పూస్తే, ఎండ తగిలిన మేర నీలిరంగు పుడుతుంది, ఆకు క్రింది భాగం తెల్లగా మిగులుతుంది. ఇనుము సమ్మేళనాన్ని కాంతి మేల్కొల్పడమంటే ఏమిటో ఆ కాగితమే చెబుతుంది. దీనికి లక్షల రూపాయలు అక్కరలేదు, ఎండ చాలును. మన సీమలో దానికి కరవు లేదు.

రుథీనియం, పెల్లేడియం కబుర్లు దొర్నిపాడుకు ఎందుకని ఎవరైనను అడుగవచ్చును. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల నుండి వచ్చిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సరులో తాత్కాలికమైన ఉపశమనాన్ని మొదటిసారి ప్రపంచానికి చూపినాడు. ఆయన కాలంలో భీమవరంలో ఆ మందుకు అవసరమైన పరికరమేదీ లేదు. ఊరి పరికరాలను బట్టి ఊరి పిల్లల బుద్ధికి హద్దు గీయరాదు. 1955లో హైదరాబాదులో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరును నేటికీ మోయుచున్నది. ఒకరు పరిశోధనతో, మరొకరు సంస్థాస్థాపనతో సేవచేసినారు. మన విద్యార్థులకు ఈ రెండు బాటలూ తెరచియే ఉన్నవి. మొదటి బాటలో పోయేవారు కొందరే కావచ్చును. టార్చిలైటు పట్టుకొని ఒక అవ్వ నోటిని చూచే బాటలో అందరూ పోవచ్చును.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. వెలుగుతో మేల్కొనే మందులు ఏనాటికైనా మన ఆసుపత్రులకు రాగలవు. వచ్చిననాడు అవి పనిచేసేది తొలిదశలో కనుగొన్న జబ్బుపైననే ఎక్కువ. ఆ మందు మేల్కొనకముందే మనం మేల్కొందుము గాక.